నాయిన పెట్టిన రాయి

మెదడు పాఠం చెప్పే రోజు నేను పుస్తకం తెరవను. పదో తరగతి పిల్లలందరినీ లేచి నిలబడమంటాను.

"నుదురు పట్టుకోండి," అంటాను. "దీని వెనక ఉండేది ఆలోచన, నిర్ణయం, ఏది తప్పో ఏది ఒప్పో తేల్చుకునే తెలివి. మీలో కొందరికి ఇది ఇంకా తయారవలేదు."

నవ్వుతారు. తర్వాత నడినెత్తి మీద చెయ్యి. అక్కడ తాకిడి, నొప్పి, వేడి, చల్లదనం తెలుస్తాయి. తర్వాత తల వెనక భాగం. చూపు అక్కడుంటుంది. కళ్లు ముందుంటే చూసేది వెనకనా అని ఏటా ఒక్కడైనా నమ్మకుండా నా మొహం చూస్తాడు. దాని కింద అనుమస్తిష్కం, సైకిల్ మీద నుంచి పడకుండా నిలబెట్టేది. ఇంకా కింద, మెడ మొదట్లో మజ్జాముఖం. మనం నిద్రపోయినా అది నిద్రపోదు, ఊపిరి ఆడిస్తూ ఉంటుంది. చివరికి రెండు చూపుడువేళ్లు రెండు కణతల మీద. వినడం, విన్నది అర్థం చేసుకోవడం, గుర్తు పెట్టుకోవడం.

నేను కోదాడలో ఉంటూ, పక్కన చిలుకూరు మండలంలో ఒక ప్రభుత్వ బడిలో జీవశాస్త్రం చెప్తాను. నా పేరు గ్రేస్. 'మెదడులోని ముఖ్య భాగాలు, వాటి విధులు రాయండి' అని పరీక్షలో వస్తే నాలుగు మార్కులు. మా పిల్లలకు నాలుగుకు నాలుగూ వచ్చేవి. తలకాయ మొత్తానికి నాలుగే మార్కులా అని అప్పట్లో నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు ఆ ప్రశ్న కనిపిస్తే దాన్ని రాసినవాడి మీద ఒళ్లు మండుతుంది. ఆ మంటకు అర్థం లేదని తెలుసు. నాకు కోపం తొందరగా వస్తుంది, అది మా నాయిన పోలిక అని అమ్మ అంటుంది.

మా పుట్టిల్లు వేములపల్లి పక్కన ఊళ్లో. నాయిన గురవయ్య కూలికి పోయేవాడు, తర్వాత కౌలుకు వరి వేయడం మొదలుపెట్టాడు. కోతలొస్తే మా ఊరి రోడ్డు సగం వడ్లదే. తేమ ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో వడ్లు కొనరు, ఆరబోసుకోవడానికి కల్లాలు ఎవరికీ లేవు, తారు రోడ్డేమో పెనంలా కాలుతుంటుంది. అందుకని రోడ్డు మీద పోస్తారు. బండ్లు తొక్కకుండా వడ్ల అంచున వరసగా రాళ్లు పెడతారు. పొద్దుగూకితే వడ్లు కుప్ప చేసి పరదా కప్పుతారు, రాళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి, తెల్లారితే మళ్లీ కావాలి కదా. పోలీసులు వద్దంటారు. పేపర్లో వస్తుంది. ప్రతి కోతకూ ఎవడో ఒకడు బండి మీద వచ్చి రాయికి తగిలి పడతాడు. అయ్యో అని, తెల్లారి అదే రోడ్డు మీద మళ్లీ పోస్తారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, అందరూ వడ్లున్నవాళ్లు.

మొన్న ఎండాకాలం యాసంగి కోతల్లో పడ్డవాడు నా తమ్ముడు జీవన్.

వాడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. ఆ రోజు మిల్లులో మోటరు కాలిపోయింది, తెల్లారేదాకా రానని నాయినకు ఫోన్ చేశాడు. సాయంత్రానికి మబ్బు పట్టింది. నాయిన, అమ్మ ఉరుకులు పరుగుల మీద వడ్లు ఎత్తారు. గాలికి పరదా లేస్తుంటే నాయిన రాళ్లు తెచ్చి దాని మీద పెట్టాడు. అన్నీ తెచ్చాననుకున్నాడు. ఒకటి రోడ్డు నడుమ మిగిలింది. అది చూశాడు కూడా. ఈ వానలో ఎవడొస్తాడులే, జీవన్ కూడా రాడు కదా అనుకున్నాడు. జీవన్ వచ్చాడు. మిల్లు దగ్గర మబ్బు చూసి, వడ్లు తడుస్తాయని, ముసలోళ్లిద్దరూ పరదాతో అవస్థ పడతారని, మోటరు పని ఇంకొకరికి అప్పగించి బండి తీశాడు.

హెల్మెట్ ఉంది, పుర్రె పగలలేదు. నుదుటి మీద చీరుకుపోయింది, అంతే. కానీ బండితో సహా పక్క కాలువలోకి పోయాడు, మోకాలి లోతు కూడా లేని నీళ్లలో బోర్లా పడ్డాడు. వెనక వచ్చిన ఆటోవాడు లాగి బయట వేసేదాకా వాడికి ఊపిరి లేదు.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో పెట్టాం. డాక్టర్ రాఘవేంద్ర నెమ్మదస్తుడు. కొన్నాళ్లకు జీవన్ కళ్లు తెరిచి మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచాక, ఆయన నన్నూ అమ్మనూ గదిలోకి పిలిచి స్కానింగ్ ఫిల్మును వెలుగుకు పెట్టాడు.

"మీరేం సబ్జెక్టు చెప్తారు మేడం?"

"జీవశాస్త్రం సార్."

"అయితే నాకు సులువు," అన్నాడు. ఆయనకు సులువే.

పెన్ను మూతతో ఒక్కో చోట చూపించుకుంటూ పోయాడు. నేను బడిలో పిల్లలతో చేయించినట్టే, అదే వరసలో. "ముందు భాగం బాగుంది, మనిషి స్వభావం మారదు. ఇక్కడ మాట, బాగుంది. పైన స్పర్శ, కదలిక, బాగున్నాయి. వెనక చూపు బాగుంది. చిన్న మెదడు బాగుంది, నడుస్తాడు. కింద మెదడు కాండం బాగుంది, ఊపిరి తనే తీసుకుంటున్నాడు."

ఒక్కో 'బాగుంది'కి అమ్మ ఒక్కో స్తోత్రం చెప్పింది. చేతులు జోడించి, కళ్లు మూసుకుని, "స్తోత్రం ప్రభువా" అని మెల్లగా అంటోంది. నాకు మాత్రం పెన్ను మూత ఇంకా ఎక్కడికి పోలేదో తెలుస్తూనే ఉంది.

అది కణతల మీదికి వచ్చింది. "ఇక్కడ, రెండు వైపులా, బాగా లోపల. హిప్పోకాంపస్. మీకు తెలిసిందే. కొత్తగా జరిగినదాన్ని జ్ఞాపకంగా దాచేది ఇదే. ఊపిరి అందకపోతే ముందుగా దెబ్బతినే వాటిలో ఇదొకటి. రెండు వైపులా పోయింది."

"అంటే ఏమైతది సారూ?" అంది అమ్మ.

"పాతవి గుర్తుంటాయమ్మా. మీరు, ఇల్లు, పని, పాటలు. కొత్తవి నిలవవు. ఇప్పుడు చెప్పింది, ధ్యాస మళ్లగానే పోతుంది."

"ఎన్ని దినాలు?"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అక్కర్లేకపోయింది. ఇది ఎప్పటికీ తగ్గదని నేనే అమ్మకు చెప్పాల్సి వచ్చింది, వరండాలోకి తీసుకుపోయి. అక్కడ బల్ల మీద నాయిన తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పిందంతా విని, "ఆ రాయి మనదే బిడ్డా," అన్నాడు. "నేనే పెట్టిన. నేనే ఇడిసిపెట్టిన." ఊరంతటికీ ఆ సంగతి అప్పటికే తెలుసు. తెలియనిది జీవన్ ఒక్కడికే.

ఇంటికి తెచ్చాం. ఎండాకాలం సెలవులు కనుక నేనూ అక్కడే ఉన్నాను. బయటివాళ్లు చూస్తే వాడికి రోగమున్నట్టే ఉండదు. నవ్వుతాడు, అమ్మను ఆట పట్టిస్తాడు, చర్చి పాటలు పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడతాడు. నేను వంటింట్లోకి పోయి వస్తే, "అక్కా, ఎప్పుడొచ్చినవ్? బావ రాలేదా?" అని మొహం విప్పార్చుకుని లేస్తాడు. మొదట్లో ఆ సంబరం చూసి ఏడ్చేదాన్ని. తర్వాత నీళ్లకు పోవాలన్నా వాడికి కనిపించకుండా పోయేదాన్ని. వదులైన స్విచ్ బోర్డు విప్పి, తీగలు సరిచేసి, చక్కగా బిగించాడు ఒకరోజు. చేతులు నేర్చుకున్న పని మెదడులో వేరే చోట ఉంటుంది, అది చెడలేదు. అన్నం తిని వచ్చి దాన్నే తడిమి, "ఎవడు బిగించిండక్కా? మంచి పనోడే," అన్నాడు.

నుదుటి మచ్చ తగిలినప్పుడల్లా అడిగేవాడు. "ఇదేందక్కా?" బండి మీద నుంచి పడ్డావు అనేవాళ్లం. "హెల్మెట్ పెట్టుకోలేదా?" పెట్టుకున్నావు. "మరింకేం," అనేవాడు.

అక్కడితో ఆగి ఉంటే బతికేవాళ్లం. బల్ల వచ్చింది.

మా చర్చిలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మనసులో పగ పెట్టుకునో, ఒకరికి కీడు చేసి దాచుకునో బల్ల ముట్టకూడదని మా దగ్గర గట్టి పట్టింపు. అందుకే ముందు రోజు, శనివారం, ఎవరికి ఎవరితో ఏమున్నా ఇల్లు వెతుక్కుంటూ పోయి క్షమించమంటారు. అవతలివాళ్లు "క్షమించిన" అని నోరు తెరిచి అనాలి. తల ఊపితే చాలదు. గట్టు తగాదాలు, కోడి తగాదాలు, అత్తాకోడళ్ల మాటలు చాలావరకు మా ఊళ్లో శనివారాలే తెగుతాయి. నాయిన రెండు బల్లలు వదిలేశాడు. మూడోసారి పాస్టరు అయ్యగారు ఇంటికే వచ్చి, "గురవయ్యా, పోయి కొడుక్కు చెప్పుకో. మాట తెచ్చుకో," అన్నాడు. అయ్యగారు మంచివాడే. మంచివాళ్లు ఇచ్చే సలహాకు ఎదురు చెప్పడం కష్టం.

శనివారం మధ్యాహ్నం, రేకుల నీడన జీవన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాయిన తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, కింద కూర్చున్నాడు.

"జీవన్, నీకు తాకిన రాయి నేను పెట్టిందే బిడ్డా. వడ్లకాడ. తియ్యాల్నని చూసి గూడ తియ్యలే. నీ బతుకు నేనే ఖరాబు చేసిన. నన్ను క్షమించు."

జీవన్‌కు ముందు అర్థం కాలేదు. ఏ రాయి, ఎప్పుడు, నా బతుకుకు ఏమైంది అని ఒక్కొక్కటే అడిగాడు. నాయిన ఒక్కొక్కటే చెప్పాడు, దాచకుండా. ఇక ఏదీ గుర్తుండదని కూడా చెప్పాడు. వాడి మొహంలో రక్తం లేకుండా పోయింది. చేతులతో కణతలు పట్టుకుని, చిన్నప్పుడు ఏడ్చినట్టు నోరు తెరిచి ఏడ్చాడు. చాలాసేపటికి, "నువ్వు కావాల్నని పెట్టినవా నాయినా. పోనియ్. క్షమించిన," అన్నాడు. నాయిన వాడి మోకాళ్ల మీద తల పెట్టాడు. నేనూ అమ్మా గోడవైపు తిరిగాం. ఆ మధ్యాహ్నం నాకు మా నాయిన మీద గౌరవం కలిగిందని చెప్పుకోవాలి.

ఆదివారం చర్చిలో నాయిన తెల్ల చొక్కా వేసుకుని కొడుకు పక్కన కూర్చున్నాడు. పళ్లెం వచ్చింది. నాయిన రొట్టె ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అప్పుడే జీవన్ నుదురు తడుముకుని, "నాయినా, ఇదేంది? నాకేమన్న తాకిందా?" అన్నాడు. పాట ఆగిన సమయం. అందరికీ వినిపించింది.

నాయిన అరచేయి అట్లాగే ఉండిపోయింది. అయ్యగారు దగ్గరకు వచ్చి, పర్వాలేదు తీసుకో అన్నట్టు తల ఊపాడు. నాయిన లేచి పోయి రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టాడు.

"వాడు క్షమించినట్టు వానికే తెల్వదు అయ్యగారూ," అన్నాడు. "ఇగ నేనెట్ల తింట?"

ఆ సాయంత్రం మళ్లీ చెప్పాడు. మర్నాడు మళ్లీ. బడులు తెరిచారు, నేను కోదాడకు వచ్చేశాను, అమ్మ ఫోన్‌లో చెప్పేది. రోజూ పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, బీడీ పారేసి, మంచం పక్కన కూర్చుని మొదలుపెడతాడు. జీవన్‌కు రోజూ అది కొత్త వార్తే. ఒకరోజు ఏడుస్తాడు, క్షమించానంటాడు. ఒకరోజు కంచం విసిరి కొడతాడు. ఒకరోజు, "నన్ను సంపకపోయినవ్, పీడ పోయేది," అన్నాడట. ఏది అన్నా నాయిన తల వంచుకుని విని, రేపు మళ్లీ చెప్తానంటాడు.

ఒక శనివారం నేను పోయినప్పుడు గొడవ పెట్టుకున్నాను. "వాడి ప్రాణం ఎందుకు తీస్తున్నవ్ నాయినా? గోడకు చెప్పుకో, అదీ ఇదీ ఒకటే."

"బడిల పోరగాండ్లకు ఎక్కం రాకపోతే నువ్వేం జేస్తవ్?" అన్నాడు. "మళ్ల మళ్ల చెప్పియ్యవా? ఎన్నడో ఒకనాడు వానికి వస్తది. 'నాయిన అడిగిండు, నేను క్షమించిన' అని ఒక్కపారి యాదుంటే సాలు, ఇగ నోరెత్త."

"వాని తలల రాసుకునే పలకనే లేదు. ఎట్ల వస్తది?"

"పలక లేకుంటే గోడ మీదనే రాస్త," అన్నాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే, "పుండు మీద కారం సల్లుతున్నడు, రోజూ. ఇద్దరి మీదా," అంది.

వానలు పడుతున్న ఒక ఆదివారం పొద్దున, జీవన్‌కు ఇష్టమని కోడికూర వండాం. ఆకలి మీద ఉన్నాడు, నాతో ఏదో మిల్లు ముచ్చట చెప్తూ తింటున్నాడు. బయట నాయిన దగ్గు వినిపించింది, వెంట బీడీ వాసన. జీవన్ చెయ్యి కంచంలోనే ఆగింది. ముద్ద కింద పెట్టాడు. కాళ్లు దగ్గరకు ముడుచుకున్నాడు. నాయిన లోపలికి రాగానే వాడు లేచి, ఎంగిలి చేత్తోనే వెనక గదిలోకి పోయి తలుపు మూల నిలబడ్డాడు.

నేను వెనకే పోయాను. "ఏమైంది జీవన్?"

"ఏమో అక్కా. నాయినను సూస్తే ఈడికెళ్లి ఉరకాల్ననిపిస్తుంది." చెమటలు పట్టాయి. "నాయినేమన్నడని? నన్ను ఎన్నడన్న కొట్టిండా? ఎత్తుకోని తిరిగినోడు. నాకెందుకు భయమైతుందక్కా?"

సంగతేమిటో నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఐనా నా నోటితో నేను తేల్చదలచుకోలేదు. ఆ వారమే సూర్యాపేట తీసుకుపోయాను. డాక్టర్ రాఘవేంద్ర అంతా విని, ముందు నన్నొక ప్రశ్న వేశాడు.

"ఆయన రోజూ ఏం చెప్తున్నాడు మేడం, కొడుక్కు?"

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ అదే ఫిల్ము, అదే పెన్ను మూత. పోయినచోటికి కొంచెం ముందు, బాదం గింజంత చోటు చూపించాడు. "ఎమిగ్డలా. భయం ఇక్కడ ఉంటుంది. ఇది బాగానే ఉంది. మాట గుర్తుండాలంటే హిప్పోకాంపస్ కావాలి. నొప్పి గుర్తుండాలంటే అక్కర్లేదు, ఇదొక్కటి చాలు. రోజూ అదే మనిషి, అదే గొంతు, అదే వాసన, వెంటనే పెద్ద దెబ్బ లాంటి వార్త. ఏం చెప్పాడో అతనికి తెలియదు. ఈ మనిషి వస్తే దెబ్బ తగులుతుందని మాత్రం ఒంటికి తెలిసిపోయింది."

"క్షమించినప్పుడు కలిగిన నెమ్మది ఉండదా సార్?"

"కొంత ఉంటే ఉండొచ్చు. భయమే ముందు నాటుకుంటుంది. మానేయమనండి. మంచిగా పక్కన కూర్చుంటే మెల్లగా తగ్గొచ్చు. తగ్గుతుందని మాట ఇవ్వలేను."

పాఠంలో ఇది లేదు. నాలుగు మార్కులకు ఇంతదూరం రాయనక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన జీవన్ నిద్రపోతుంటే, నాయినను గట్టిగా తిట్టాలని మాటలు పేర్చుకున్నాను. ఇంటికి పోయి ఆయన మొహం చూశాక అవన్నీ వదిలేశాను. పొలం గట్టు మీదికి తీసుకుపోయి డాక్టర్ చెప్పింది చెప్పాను. పలక, గోడ అని ఆయన భాషలోనే చెప్పాను.

నాయిన వంగి గట్టు మీది గడ్డి పీకాడు.

"అంటే వాడు క్షమించిన్నన్నది ఒక్కనాడు గూడ నిలవలే," అన్నాడు. "నేను కొట్టిన దెబ్బ మాత్రం రోజూ నిలిచింది."

గడ్డి పక్కన పడేసి మళ్లీ ఆయనే అందుకున్నాడు.

"మొదాలు ఒక్కపారి కొట్టిన, తెల్వక. ఇన్ని దినాలు తెలిసి కొట్టిన."

"నీకేం తెలుసు నాయినా."

"నేను సుఖపడదామని వాన్ని కొట్టిన," అన్నాడు. అది నిజం. ఆయనను అక్కడే వదిలి పోవాలన్నంత అసహ్యం వేసింది. ఆ గట్టు మీదే ఆయన కాళ్లు పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు.

ఆ రోజుతో చెప్పడం మానేశాడు. బీడీ మానేశాడు. కానీ దగ్గు మానడం చేతిలో లేదు, మొహం మార్చుకోవడం అసలే చేతిలో లేదు. ఆయన లోపల అడుగుపెడితే జీవన్ అన్నం దగ్గర నుంచి లేచిపోవడం ఆగలేదు. కొన్నాళ్లు వాణ్ని నా దగ్గర పెట్టుకుందామని కోదాడ తీసుకుపోయాను. పొద్దున లేస్తే వాడికి అది ఎవరిల్లో తెలియదు. స్నానాలగది ఎటో రోజూ చూపించాలి. ఒకరోజు నేను బడికి పోయాక, మా ఆయన పాల ప్యాకెట్టుకు వీధి చివరికి పోయి వచ్చేలోపు, తాళం పగలగొట్టుకుని బయటపడ్డాడు. ఎవరో తనను తెచ్చి బంధించారనుకున్నాడు. హైవే మీద లారీల మధ్య దొరికాడు. వాడి తలలో ఉన్న ఇల్లు ఒక్కటే, వేములపల్లి పక్కన రేకుల ఇల్లు. వాడు ఆ ఇంట్లోనే ఉండాలి. అప్పుడు ఆ ఇంట్లో ఉండకూడనిది ఎవరో ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేకపోయింది. నాయిన తన దుప్పటి, గిన్నె, పార తీసుకుని పొలం దగ్గర మోటరు కొట్టంలోకి మారాడు.

వానాకాలం కోతలు వచ్చాయి. రోడ్డు మీద మళ్లీ వడ్లు, మళ్లీ రాళ్లు. నాయిన తన వడ్లు పచ్చివే అమ్మేశాడు, వచ్చిన ధరకు. మిగతావాళ్లు మామూలే. వాళ్లను ఏమనగలం, మొన్న యాసంగిదాకా మేమూ అంతే.

ఇంట్లో జీవన్ రోజూ అడిగేది ఒకటే. "నాయినేడి?" వాడికి పాత నాయిన గుర్తున్నాడు కదా. భుజాల మీద ఎక్కించుకుని మిర్యాలగూడ తీసుకుపోయి చెరుకురసం తాగించిన నాయిన. పొలం కాడ ఉన్నడు అంటాం. "పిలువు, సూసి శాన దినాలైంది," అంటాడు. కాసేపటికి మరిచిపోతాడు, మళ్లీ అడుగుతాడు. అడుగుతుంటే వాడి మొహంలో ఏ భయమూ ఉండదు. భయం తలకు తెలియదు, ఒంటికే తెలుసు.

పోయిన శనివారం నేను అక్కడే ఉన్నాను. మర్నాడు బల్ల. అమ్మ జీవన్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి, వాడి ఎదురుగానే తలుపుకు తగిలించింది. ఆ చొక్కా చూసి వాడు, "రేపు బల్లనా? నాయిన రాకుంటె ఎట్లమ్మా?" అన్నాడు, మళ్లీ మళ్లీ అన్నాడు, చొక్కా కళ్ల ముందే ఉంది కనుక మరిచిపోలేదు. చివరికి అమ్మ తట్టుకోలేక మోటరు కొట్టానికి కబురు పంపింది. ఇన్నాళ్లు దూరంగా ఉన్నాడు కదా, ఒకవేళ తగ్గిందేమో. నాకూ ఆ ఆశ ఉండింది.

నాయిన తలంటు పోసుకుని వచ్చాడు. అడుగుల చప్పుడు కాకుండా చెప్పులు చేతపట్టుకున్నాడు. దగ్గు వస్తే తువ్వాలతో నోరు నొక్కుకున్నాడు. గడప బయటే నిలబడ్డాడు.

జీవన్ చూడగానే నవ్వాడు. "నాయినా" అని లేచాడు కూడా. ఒక అడుగు వేశాడు. రెండోది పడలేదు. నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది, చేతులు అడ్డం లేచాయి, వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. తనకేమవుతోందో తెలియక తన చేతులను తనే చూసుకున్నాడు. పాపం, వాడి నుదుటి వెనక భాగం బాగానే ఉంది. ఆలోచించేది, తప్పొప్పులు తేల్చేది. దాని పని అది చేసింది.

"నాయినా, నేనేమన్న తప్పు చేసిన్నా?"

"లేదు బిడ్డా."

"చేసే ఉంట. లేకుంటె నిన్ను సూసి గింత భయమెందుకైతది? నాకే గుర్తొస్తలేదు." వాడు గోడకు ఆనుకునే కిందికి జారి కూర్చుని, రెండు చేతులూ జోడించాడు. "ఏదైనా సరే నాయినా, నన్ను క్షమించు. రేపు బల్ల గదా."

నాయిన నా వైపు చూశాడు. చెప్పనా అని అడుగుతున్నాడు. ఇప్పుడైనా, ఒక్కసారి. నేను వద్దని తల ఊపాను. క్షమించడానికి మా ఊళ్లో తల ఊపితే చాలదు కదా, నోటితో అనాలి. కొడుకు చేతులు జోడించుకుని ఎదురు చూస్తున్నాడు.

"క్షమించిన బిడ్డా," అన్నాడు నాయిన.

జీవన్ పెద్దగా ఊపిరి వదిలి కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ వాడి ముందు కంచం పెట్టి, భుజం పట్టుకుని పక్కన కూర్చుంది. నాయిన చెప్పులు చేతిలోనే పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆయన దడి దాటేదాకా చూస్తూ నిలబడ్డాను.

వాడు నాలుగు ముద్దలు తిని, తలుపుకున్న తెల్ల చొక్కా వైపు చూశాడు.

"రేపు బల్లనా అక్కా? నాయినేడి? సూసి శాన దినాలైంది, ఒక్కపారి రమ్మను."

"పొలం కాడ ఉన్నడు జీవన్," అన్నాను. "వస్తడు, తిను."